జేబులో పట్టే కెమెరా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చిన్న డిజిటల్ కెమెరాల గురించే ఉన్నాయి. బీరువాలో పాతది దొరికిందని కొందరు, సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకుంటున్నామని కొందరు రాశారు. అందుకే పెళ్లి ఫొటోల ప్రశ్నలు ఈసారికి పక్కన పెట్టి, శీర్షిక మొత్తం వీటికే ఇస్తున్నాను. కొత్త పాఠకుల కోసం ఒక మాట. రాజమండ్రిలో మా నాన్నగారి స్టూడియోలో నెగెటివ్‌లకు పెన్సిల్‌తో టచింగ్ చేస్తూ ఈ పని నేర్చుకున్నాను. తర్వాత కలర్ ల్యాబ్ నడిపాను. ఇప్పుడు నా చేతిసంచిలో ఉండేది కెనన్ పవర్‌షాట్ ఎస్95. 2010లో వచ్చిన మోడల్, 10 మెగాపిక్సెళ్లు. కింద చెప్పేవాటిలో చాలా వరకు దానితో నేను రోజూ చేసేవే.

"మా అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ తన పాత డిజిటల్ కెమెరా ఇంట్లో వదిలేశాడు. దాని మీద 8 మెగాపిక్సెల్ అని ఉంది. నా ఫోన్‌ది 50. ఇంక ఆ కెమెరా బయటికి తీయడం దండగ అంటారు మావారు. నాకేమో వాడాలని ఉంది."
– ఒక గృహిణి, పాలకొల్లు

తీయండమ్మా. ఇవాళే ఛార్జింగ్ పెట్టండి.

మెగాపిక్సెళ్ల లెక్క ముందు తేల్చేద్దాం. ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. ల్యాబ్‌లో మంచి ప్రింట్ కావాలంటే అంగుళానికి 300 చుక్కలు చూసుకుంటాం. 4×6 ప్రింట్‌కి 1200 × 1800 చుక్కలు, అంటే 22 లక్షల లోపే. 2 మెగాపిక్సెళ్లు కాస్త దాటితే చాలన్నమాట. గోడకి తగిలించే 8×12కి 2400 × 3600, అంటే 86 లక్షలు. మీ 8 మెగాపిక్సెల్ కెమెరా దాదాపు అక్కడిదాకా వచ్చేస్తుంది. ఫోన్ పెట్టె మీద 50 అని రాసి ఉన్నా, మామూలుగా అది నాలుగేసి చుక్కల్ని ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెళ్ల ఫొటోనే ఇస్తుంది.

ఫోన్ గెలిచే చోట్లు నిజంగానే ఉన్నాయి. చీకట్లోనూ ఎదురెండలోనూ అది వరసగా చాలా ఫ్రేములు తీసి క్షణంలో కలిపేస్తుంది. పాత కెమెరాకి ఆ తెలివి లేదు. రాత్రి జాతరకి ఫోనే తీసుకెళ్లండి. పగటి వెలుగులో, వరండాలో, పెరట్లో, కాలవ గట్టున కెమెరా వాడండి. దాని జూమ్ అసలైనది. లెన్సు నిజంగా ముందుకి జరిగి, కాలవ అవతలి ఒడ్డున వల విసిరే మనిషిని దగ్గరికి తెస్తుంది. మెనూలో డిజిటల్ జూమ్ అని ఇంకొకటి ఉంటుంది, దాన్ని ఆఫ్ చేసేయండి. అది ఫొటో మధ్య ముక్కని కత్తిరించి సాగదీస్తుందంతే. ఆ పని తర్వాత కంప్యూటర్‌లో ఎప్పుడైనా చేసుకోవచ్చు.

మీవారికి నా మాటగా ఇంకొకటి చెప్పండి. ఫోన్ చేతిలోకి తీసుకుని ఫొటో తీయబోయేలోపు ఏదో మెసేజ్ వస్తుంది, చూపు అటు పోతుంది. ఈ కెమెరాకి ఇంకో పని లేదు. బటన్ సగం నొక్కితే ఆకుపచ్చ చతురస్రం వెలుగుతుంది. ఫోకస్ నిలిచిందని గుర్తు. అక్కడే వేలు ఆపి, పక్కింటి పాప ఇటు తల తిప్పేదాకా చూసి, మిగతా సగం నొక్కండి. క్లిక్ వెంటనే పడుతుంది. 'పాత కెమెరాలు లేటుగా తీస్తాయి' అని అందరూ అనేది చాలావరకు ఒక్కసారే అదిమేయడం వల్ల. సగం నొక్కి ఎదురుచూసే ఆ రెండు మూడు క్షణాలు నాకు ఈ పని మొత్తంలో అన్నిటికన్నా ఇష్టం. అప్పుడు మన కళ్లు ఇంక దేన్నీ చూడవు.

వాడే ముందు బ్యాటరీ బయటికి తీసి చూడండి. ఏమాత్రం ఉబ్బినా మళ్లీ లోపల పెట్టొద్దు, కొత్తది కొనండి. మెమరీ కార్డు కొనేటప్పుడు షాపువాళ్లు 64 జీబీ చేతిలో పెడతారు, అది మీ కెమెరా చదవకపోవచ్చు. మరీ పాత కెమెరాలు 2 జీబీ వరకే చదువుతాయి. కార్డు తలుపు దగ్గర ఎస్‌డీహెచ్‌సీ అని గుర్తు ఉంటే 32 జీబీ వరకు ఫరవాలేదు. 64 అంతకు మించినవి ఎస్‌డీఎక్స్‌సీ కిందికి వస్తాయి. అన్నాళ్లు వాడకుండా ఉంచినదాంట్లో తేదీ కూడా చెరిగిపోయి ఉంటుంది. మొదటి ఫొటోకి ముందే తేదీ సరిచేయండి. ఎందుకో ఆఖరి జవాబులో చెప్తాను.

"డిగ్రీ చదువుతున్నాను. మామయ్య ఇచ్చిన చిన్న కెమెరాతో వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు, ఖిలా వరంగల్ అన్నీ తీసేశాను. ఇప్పుడు రోజూ ఏం తీయాలో తోచడం లేదు. ఇంట్లో అన్నీ మామూలువే కదా మేడమ్?"
– ఒక విద్యార్థి, హనుమకొండ

బాబూ, ఈ ప్రశ్న కోసమే ఈ నెల అంతా ఎదురుచూసినట్టు అనిపించింది నాకు. తీరిగ్గా రాస్తాను.

ఇంట్లో రోజూ మారేది ఒకటుంది, వెలుగు. మీ ఇంటికి తూర్పున గుమ్మం గానీ కిటికీ గానీ ఉందా? పొద్దున ఏడు గంటలకి ఆ వెలుగు నేల మీద ఎక్కడిదాకా వస్తుందో ముందు చూడు. డిసెంబరులో గది లోపలికంటా పాకుతుంది, మే నెలలో అంత లోపలికి రాదు. ఆ వెలుగులోకి ఎవరెవరు వచ్చి పోతున్నారో చూడు. పేపరు చదివే నాన్న, పూలు కట్టే నానమ్మ, చెప్పుల దగ్గర కూర్చున్న పిల్లి. నువ్వు పోజు పెట్టమని ఎవరినీ అడగక్కర్లేదు. వెలుగు ఎక్కడ పడుతుందో తెలిసినవాడికి మనుషులు వాళ్లంతట వాళ్లే అక్కడికి వస్తారు.

వంటింట్లో ఇడ్లీ పాత్ర మూత తీసే క్షణం తీసి చూడు. ఎదురుగా ఫ్లాష్ వేస్తే ఆవిరి ఒక తెల్ల మరకలా పడుతుంది. కిటికీ ఆవిరికి వెనక పక్కగా ఉండేలా నువ్వు నిలబడాలి. ఆవిరి వెనకాల నల్లబడ్డ గోడో, తలుపు నీడో ఉండాలి. వెనక నుంచి వెలుగు తగిలి, ముదురు రంగు మీద పడినప్పుడే ఆవిరి పోగులు పోగులుగా కనిపిస్తుంది. వెలుగు పెంచి తగ్గించే ప్లస్-మైనస్ బటన్‌తో ఒక మెట్టు మైనస్‌కి దించు. లెన్సుకి ఆవిరి తగలకుండా రెండడుగులు వెనక్కి నిలబడి కొంచెం జూమ్ చేసుకో.

ముగ్గు సంగతీ ఇంతే. మిట్టమధ్యాహ్నం తీస్తే నేల మీద సుద్దతో గీసినట్టు చదునుగా వస్తుంది. ఎండ అప్పుడే నేలకి ఆనుకుని పక్క నుంచి వస్తున్నప్పుడు తీస్తే, పిండి గీత ఎత్తు, దాని నీడ, వేళ్ల మధ్య నుంచి జారినప్పుడు పడిన పలుచని చోట్లు అన్నీ తెలుస్తాయి. ముగ్గు మొత్తం ఎప్పుడూ తీస్తారు. నువ్వు బాగా దగ్గరివి తీయడానికి ఉండే, పూవు గుర్తు ఉన్న మ్యాక్రో పెట్టి, జూమ్ వాడకుండా, చుక్కకి జానెడు దూరంలోకి వెళ్లు. నా కెమెరా అయిదు సెంటీమీటర్ల దూరంలో ఉన్నదాన్నీ పట్టుకుంటుంది. లెన్సులు మార్చుకునే ఇంత పెద్ద ఎస్ఎల్ఆర్ కెమెరాకి వేరే లెన్సు కొంటే గానీ కుదరని పని ఇది. చిన్న కెమెరాలో చాలామంది ఎన్నడూ నొక్కని బటన్ ఆ పూవు గుర్తే.

ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లడం ఇంకొకటి. నాకు ఆ చోటు కోటిలింగాల రేవు. అక్కడి నుంచి గోదావరి మీద వంతెనలు కనిపిస్తాయి. 1900 నుంచి రైళ్లు నడిచి 1997లో ఆగిపోయిన హేవలాక్ వంతెన, ఆ పని అందుకున్న విల్లుల వంతెన. చూడటానికి వచ్చినవాళ్లు సూర్యాస్తమయం ఒకటి తీసుకుని వెళ్లిపోతారు. రేవులో రోజూ దిగేవాళ్లకి తెలిసిన గోదావరి వేరు. ఎగువన వానలు పడితే నీళ్లు ఎర్రమట్టి రంగుకి తిరుగుతాయి. వరద తీసేశాక మెట్ల మీద ఒండ్రు మిగులుతుంది, దాని మీద కాకుల అడుగులు పడతాయి. మాఘమాసంలో పొద్దున మంచులో అవతలి స్తంభాలు ఒక్కొక్కటే తేలతాయి. వేసవిలో ఇసక తిన్నెలు బయటపడతాయి. ఇవన్నీ ఒకే మెట్టు మీద నిలబడి తీసినవి పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ ఒక్కదాంట్లోనూ లేనిది కనిపిస్తుంది. నీకు భద్రకాళి చెరువు గట్టు అలాంటి చోటే. 'తీసేశాను' అన్నావు. ఆ చెరువు వానాకాలంలో ఎలా ఉంటుందో, బతుకమ్మల మర్నాడు పొద్దున గట్టున ఏం మిగిలి ఉంటుందో తీశావా?

వేయిస్తంభాల గుడి కూడా అంతే. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది. అక్కడి నల్లరాతి స్తంభాలకి అద్దంలాంటి నునుపు ఉంది. గుడి మొత్తం ఫ్రేములో ఇరికించాలని చూడకు. సాయంత్రం పక్కవెలుగు ఒక్క స్తంభం మీద ఎలా జారుతుందో, ప్రదక్షిణ చేసే మనిషి చీర రంగు ఆ రాయి మీద ఎంత పలుచగా మెరుస్తుందో చూడు.

ఒక వారం పాటు జూమ్ మీట ముట్టుకోకుండా తీయి. దగ్గరగా కావాలంటే నువ్వే నడిచి వెళ్లు. ఎంత దూరంలో నిలబడితే ఎంత పడుతుందో కాళ్లకి తెలిసిపోతుంది. ఆ తర్వాత కెమెరా ఎత్తకముందే ఫొటో నీ కళ్లకి కనిపిస్తుంది.

"ఉదయం వాకింగ్‌లో మా రిటైర్డ్ మాస్టర్ల బృందాన్ని తీస్తాను. అందరం తెల్ల పంచెలు, తెల్ల చొక్కాలు. ఫొటోలో మాత్రం ఉతక్కుండా కట్టుకున్నట్టు బూడిద రంగులో వస్తున్నాయి. కెమెరా పాడైందా?"
– విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, బొబ్బిలి

కెమెరా బాగానే ఉంది మాస్టారూ. దానికి తెలుపంటే ఏమిటో తెలియదు, అంతే. ఫ్రేములో పడిన వెలుగునంతా సగటు తీసి, అది మధ్యరకం బూడిద రంగు అయి ఉంటుందని అనుకునేలా దానిలో వెలుగు కొలిచే మీటరు తయారవుతుంది. పచ్చని పొలం, మట్టిరోడ్డు, నీలాకాశం ఉన్న ఫొటోలో ఆ అంచనా సరిగ్గా సరిపోతుంది. ఫ్రేము నిండా మల్లెపువ్వుల్లాంటి పంచెలే ఉంటే, వెలుగు మరీ ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. తెలుపు బూడిదవుతుంది, మీ ముఖాలూ నల్లబడతాయి.

వెనక ప్లస్, మైనస్ గుర్తు ఉన్న బటన్ నొక్కి ప్లస్ మూడింట రెండు గానీ ఒకటి గానీ పెట్టండి. ఒకటికి మించి వెళ్తే చొక్కా మడతలు, జేబు కుట్లు మాయమైపోతాయి. తెర మీద ఫొటోని కాస్త పెద్దది చేసి ఆ మడతలు కనిపిస్తున్నాయో లేదో అక్కడికక్కడే చూసుకోండి. నల్లటి గేదెని తీసేటప్పుడు దీనికి తిరగేసి మైనస్ పెట్టాలి, లేకపోతే గేదె బూడిద పూసుకున్నట్టు వస్తుంది. పని అయ్యాక సున్నాకి తెచ్చేయండి, కొన్ని కెమెరాలు ఆపేసి మళ్లీ ఆన్ చేసినా ఆ సెట్టింగ్ గుర్తుపెట్టుకుంటాయి.

కెమెరాలో ఒక్క బటనే నేర్చుకుంటాను, ఏది చెప్పమంటారు అని ఎవరడిగినా నేను దీన్నే చెప్తాను. ఫ్రేములో దేన్ని వెలుగులో ఉంచాలో, దేన్ని నీడలో వదలాలో మీరు తేల్చే చోటు అదొక్కటే.

"పాప పుట్టినరోజు కేకు కట్ చేసేటప్పుడు తీస్తే ముఖాలు సున్నం కొట్టినట్టు, వెనక అంతా నలుపు, కళ్లు ఎర్రగా. ఇంత టెన్షన్ పడి తీస్తే ఒక్కటీ బాగా రాలేదు."
– ఒక తల్లి, మదనపల్లె

ఫ్లాష్ ఆపేయమ్మా. కొవ్వొత్తి వెలుగులో పాప ముఖం ఎంత బాగుంటుందో ఆ ఫ్లాష్ ఒక్క దెబ్బకి చెరిపేస్తుంది.

చిన్న కెమెరా ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లకి మించి చేరదు. దగ్గరున్న ముఖానికి ఎక్కువ తగులుతుంది, వెనక గోడకి అందదు. అందుకే ముందు తెలుపు, వెనక నలుపు. కళ్ల ఎరుపు కూడా అందువల్లే. ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది కాబట్టి, చీకట్లో విచ్చుకున్న కనుపాప లోంచి వెలుగు తిన్నగా లోపలికి వెళ్లి, రక్తనాళాలున్న వెనక పొర మీద తగిలి తిన్నగా లెన్సులోకే తిరిగొస్తుంది.

ఫ్లాష్ లేకుండా తీయాలంటే, తక్కువ వెలుగులోనూ తీయనిచ్చే ఐఎస్ఓ సెట్టింగ్ 400 గానీ 800 గానీ పెట్టి, జూమ్ పూర్తిగా వెనక్కి తిప్పేయండి. చాలా కెమెరాల్లో జూమ్ చేసేకొద్దీ లెన్సులోకి వచ్చే వెలుగు తగ్గిపోతుంది. అందుకే జూమ్ వదిలి మీరే దగ్గరికి వెళ్లాలి. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ఊపిరి వదిలి క్లిక్ చేయండి. కుర్చీ వీపు మీద కెమెరా ఆనిస్తే ఇంకా మంచిది. కొంచెం గరుకు వస్తుంది, రానివ్వండి. 4×6 ప్రింట్‌లో అది కనిపించదు. కొవ్వొత్తులు ఆర్పేయకముందు, పాప ఊపిరి పీల్చుకుని బుగ్గలు పూరించిన క్షణం ఒకటి ఉంటుంది. ఆ క్షణంలో పిల్లలు కదలరు. బటన్ సగం నొక్కి దానికోసం సిద్ధంగా ఉండండి.

వెనక ఉన్న చుట్టాలూ పడాలి అంటే మోడ్‌లలో చంద్రుడి పక్కన మనిషి బొమ్మ ఉన్నది పెట్టండి. ఫ్లాష్ వెలిగాక కూడా షట్టర్ ఇంకాసేపు తెరిచి ఉంచి గది వెలుగుని పోగుచేస్తుంది. కెమెరా మాత్రం కదలకూడదు.

కేకు బల్లని పగలైతే కిటికీ పక్కకి జరపగలరేమో కూడా చూడండి.

"రైతుబజారులో కూరలు అమ్మేవాళ్ల ఫొటోలు తీయాలని చాలా ఇష్టం. కెమెరా తీస్తే ఏమంటారో, ఆడపిల్లవి నీకెందుకంటారేమో అని సంచిలోంచే తీయను. ఎలా మొదలుపెట్టాలి?"
– ఒక పాఠకురాలు, విజయవాడ

'ఆడపిల్లవి నీకెందుకు' అనేవాళ్లకి ఒక చరిత్ర చెప్పమ్మా. ఆరవ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే స్త్రీల కోసం పెట్టిన ఆ స్టూడియోలో ఫొటోలు తీసింది ఒక మహిళే. గాజు ప్లేట్లు, పెద్ద పెట్టె కెమెరాల కాలం అది. నీ చేతిలో ఉన్నది అరచేతిలో ఇమిడిపోతుంది.

కెమెరా చిన్నది కావడమే నీకు పెద్ద అండ. మెడలో పెద్ద కెమెరా వేలాడుతుంటే పేపరువాళ్లు వచ్చారని జనం బిగుసుకుపోతారు. జపాన్‌లో దైదో మొరియామా అనే పేరున్న ఫొటోగ్రాఫర్ దశాబ్దాలుగా వీధుల్లో వాడుతున్నది ఇలాంటి చిన్న రికో కెమెరాలే.

ముందు కూరలు కొనుక్కో. రెండో వారం అదే పిన్ని దగ్గర మళ్లీ కొను. అప్పుడు, 'పిన్నీ, ఈ వంకాయల కుప్ప ఎంత అందంగా పేర్చావో, ఒక ఫొటో తీసుకోనా' అని అడుగు. ముందు వంకాయలు తీయి, తెర మీద ఆమెకి చూపించు. ఆమే చెంగు సర్దుకుని 'నన్నూ తియ్యి' అంటుంది. మొదటి ఫొటోలో బిగుసుకుని నిలబడుతుంది, అదీ తీసుకో, అది ఆమె కోసం. ఆ తర్వాత ఆమె బేరంలో పడిపోయినప్పుడు తీసేది నీ కోసం. త్రాసు ఎత్తిన చేయి, చిల్లర లెక్కపెట్టే వేళ్లు, తడిపిన గోనెసంచి కింద కొత్తిమీర. టార్పాలిన్ నీలంగానో ఎర్రగానో ఉంటే ముఖాల మీద ఆ రంగు పడుతుంది. అలాంటప్పుడు రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌తో కుస్తీ పట్టకుండా, అంచున పగటి వెలుగు తగిలే కొట్టు దగ్గరికి వెళ్లిపో.

వద్దంటే వద్దనే. నవ్వి ముందుకి నడువు. పిల్లల్ని తీయాలంటే తల్లిదండ్రుల్ని అడగాలి. రేవుల్లో స్నానాలు చేసే ఆడవాళ్లని తీయడం ఎంత పేరున్నవాళ్లు చేసినా నాకు తప్పే. తీసినదాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాలంటే మళ్లీ విడిగా అడగాలి, ఫొటోకి ఒప్పుకున్నంత మాత్రాన దానికి ఒప్పుకున్నట్టు కాదు.

ఆపై వారం ప్రింట్ పట్టుకెళ్లి ఇవ్వు. మా ల్యాబ్‌కి అలా ప్రింట్లు వేయించుకోవడానికి వచ్చే కాలేజీ పిల్లల్ని చూసేదాన్ని. వాళ్లకి బజారులో ఫొటో తీయడానికి భయం మిగల్లేదు. బజారువాళ్లే పేరు పెట్టి పిలిచి మరీ తీయించుకునేవాళ్లు.

"వేసవిలో నెల రోజులకి తణుకు వస్తున్నాం. అమ్మావాళ్లని, ఇంటిని తీయడానికి మంచి కాంపాక్ట్ కెమెరా కొనాలనుకుంటున్నాను. కొత్తదా, పాతదా? ఇక్కడి ఛార్జర్ అక్కడ పనిచేస్తుందా?"
– ఒక పాఠకుడు, డాలస్

కొత్త కాంపాక్ట్‌లు ఇప్పుడు తక్కువ, ఉన్నవి ఖరీదు. మంచి స్థితిలో ఉన్న పాతది చాలు. సోనీ ఆర్ఎక్స్100 మొదటి మోడల్ 2012లో వచ్చింది. లోపల వెలుగుని పట్టే దాని సెన్సారు 13.2 × 8.8 మిల్లీమీటర్లు, మామూలు చిన్న కెమెరా సెన్సారు వైశాల్యానికి నాలుగు రెట్లు. సాయంత్రం వరండా వెలుగులో ఆ తేడా తెలుస్తుంది. జూమ్ లేకపోయినా ఫరవాలేదు, చొక్కా జేబులో పెద్ద సెన్సారు కావాలి అంటే 2019 నాటి రికో జీఆర్ 3 ఉంది. అందులో ఫ్లాష్ కూడా ఉండదు. నడిచి దగ్గరికెళ్లి తీసే అలవాటున్నవాళ్లకి అది. పెద్దవాళ్లు దూరంగా కూర్చుని ఉండగా వాళ్లకి తెలియకుండా తీయాలంటే జూమ్ ఉన్నదే తీసుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు పదిసార్లు ఆన్, ఆఫ్ చేసి లెన్సు చప్పుడు వినండి. గరగరలాడినా, తడబడినా వదిలేయండి. తెల్లకాగితాన్నో మేఘాల్లేని ఆకాశాన్నో తీసి పెద్దది చేసి చూడండి, ఒకే చోట నల్లమచ్చలు కనిపిస్తే లోపల దుమ్ము చేరిందన్నమాట. లెన్సులోకి టార్చి వేసి చూస్తే సాలెగూడు లాంటి పోగులు ఉంటే అది ఫంగస్, ఎంత చవకగా ఇచ్చినా వద్దు. పాత ఒలింపస్, ఫ్యూజీ కొన్నిట్లో ఎక్స్‌డీ కార్డులు, పాత సోనీల్లో మెమరీ స్టిక్‌లు ఉంటాయి. అవి ఇప్పుడు దొరకడం కష్టం, ఎస్‌డీ కార్డు పట్టేదే కొనండి.

ఛార్జర్ వెనక సన్నటి అక్షరాల్లో 100-240 వోల్టులు అని ఉంటే తణుకులోనూ పనిచేస్తుంది, పిన్ను మార్చే అడాప్టర్ ఒకటి చాలు. కరెంటు పోయే రోజులకి రెండో బ్యాటరీ తెచ్చుకోండి.

నెల రోజులే ఉంటారు కాబట్టి ఒకటి అడగాలని ఉంది. వచ్చిన రోజే అందరినీ వరసగా నిలబెట్టి తీసే గ్రూప్ ఫొటోతో సరిపెట్టకండి. అమ్మగారు బియ్యం ఏరే చేట, నాన్నగారి కళ్లజోడు ఉండే గూడు, ఆ గూడు పక్కన క్యాలెండరు మీద పాలలెక్క, బావి గిలక, మేడమెట్ల మీద అరిగిపోయిన చోటు తీయండి. ఇల్లు మారినప్పుడు ముందుగా పోయేవి అవే. ఎవరూ వాటిని ఫొటో తీయరు.

"బీచ్‌కి తీసుకెళ్లొచ్చాక లెన్సు సగంలో ఆగిపోయి ఎర్రర్ అని చూపిస్తోంది. ఏం చేయాలి?"
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

లెన్సు గొట్టాల మధ్య ఇసక రేణువు ఇరుక్కుంది. బలవంతంగా లాగొద్దు, లోపల పళ్లచక్రాలు విరుగుతాయి. లెన్సుని కిందికి వంచి, గాలి బుడ్డితో చుట్టూ ఊది, నిండుగా ఛార్జ్ చేసిన బ్యాటరీతో ఒకసారి ఆన్ చేయండి. రాకపోతే రిపేరు షాపుకి ఇవ్వండి. ఇకనుంచి బీచ్‌లో జిప్ కవర్‌లో ఉంచి, గాలికి వీపు పెట్టి నిలబడి తీయండి. వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టాలి. తోలు కవర్‌లో మూసి బీరువాలో దాచొద్దు, తోలు చెమ్మ పట్టి ఫంగస్ తెస్తుంది. ఏసీ గదిలోంచి బయటి ఉక్కలోకి వచ్చేటప్పుడు సంచిలోనే పావుగంట ఉంచితే లెన్సుకి ఆవిరి పట్టదు.

"పదిహేనేళ్ల ఫొటోలు హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. వేలకి వేలు. తెరవాలంటేనే బరువుగా ఉంటోంది. ఏం చేయమంటారు?"
– ఒక బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

అన్నీ ఒకేసారి సర్దాలనుకోకండి. ఒక ఆదివారం ఒక్క సంవత్సరం తెరవండి. ప్రతి ఫొటోలోనూ తీసిన తేదీ, సమయం కెమెరా దాచి ఉంచుతుంది. కెమెరాలో తేదీ సరిగ్గా పెట్టి ఉంటే ఫొటోలన్నీ వాటంతటవే వరసలో పడతాయి. పాలకొల్లు పాఠకురాలికి తేదీ సంగతి చెప్పింది ఇందుకే. తేదీ తప్పితే మీ అమ్మాయి అన్నప్రాశన ఆమె పుట్టకముందు జరిగినట్టు చూపిస్తుంది.

ఆ సంవత్సరంలోంచి ముప్పయ్యో నలభయ్యో ఎంచుకోండి. ఎంచేటప్పుడు బాగా వచ్చినది అని చూడొద్దు. ఇంకో ఇరవై ఏళ్లకి ఎవరైనా 'ఇదేంటి, వీళ్లెవరు' అని అడిగేవి చూడండి. కొంచెం కదిలిపోయినా నానమ్మ నవ్వుతున్నది ఉంటే అదే తీసుకోండి.

ఎంచినవి ప్రింట్ వేయించండి. నా వృత్తి కాబట్టి చెప్తున్నానని అనుకోవద్దు, ల్యాబ్ ఎప్పుడో మానేశాను. తెర మీద వేలితో తోసేసే ఫొటోని ఎవరూ అరనిమిషం చూడరు. చేతిలో ఉన్న ప్రింట్‌ని పక్కవాళ్లకి అందించే ముందు ఒకసారి వెలుగులోకి తిప్పి చూస్తారు.

ల్యాబ్‌లో ఇచ్చే ముందు ఒకటి గమనించండి. చాలా చిన్న కెమెరాల ఫొటోలో పొడవు, వెడల్పులు 4:3 నిష్పత్తిలో ఉంటాయి. మ్యాక్సీ సైజు అనే 4×6 కాగితం 3:2. అలాగే వేయిస్తే పైనా కిందా పావు అంగుళం చొప్పున తెగిపోతుంది. గ్రూప్ ఫొటోలో వెనక వరసవాళ్ల తలలు పోయేది ఇక్కడే. 6×8 వేయిస్తే ఏమీ తెగదు. 4×6 కావాలంటే ఎక్కడ కత్తిరించాలో మీరే చూసి ఇవ్వండి. ఇకముందు తీసేవాటికి కెమెరా మెనూలో 3:2 ఉంటే అది పెట్టుకోవచ్చు. చేతులు మారే ఫొటోలకి మెరుపు లేని మ్యాట్ ఫినిషింగ్ అడగండి, వేలిముద్రలు అంతగా కనిపించవు.

వెనక బాల్‌పెన్‌తో నొక్కి రాయకండి, అక్షరాలు ముందువైపు ఉబ్బుతాయి. ఇప్పటి కాగితానికి ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి ఇంకు పెన్ను పులుముకుపోతుంది. సన్నటి పర్మనెంట్ మార్కర్‌తో అంచున తేలిగ్గా రాసి ఆరనివ్వండి. తేదీ, ఊరు, మనుషుల పేర్లు రాయండి. 'పెద్దక్క' అని రాస్తే మీ తర్వాతవాళ్లకి ఎవరి పెద్దక్కో తెలియదు, పూర్తి పేరు రాయండి. హార్డ్ డిస్క్‌లో ఉన్నవాటికి ఇంకో కాపీ చేసి వేరే ఇంట్లో, చెల్లెలి దగ్గరో స్నేహితుడి దగ్గరో ఉంచండి.

మరోసారి వానాకాలం వెలుగు గురించి రాస్తాను. ప్రశ్న పంపేవాళ్లు ఉత్తరంతోపాటు మీరు తీసిన ఫొటో ఒకటి 4×6 ప్రింట్ వేయించి పెట్టండి. ఏ కెమెరాతో, ఎన్ని గంటలకి తీశారో వెనక రాయండి. అది చూస్తే జవాబు ఇంకా సరిగ్గా చెప్పగలను.